మందుల బండిని ఆపినవాడు

చీఫ్ ఒక చిన్న గాజు సీసాను టేబుల్ మీద పెట్టాడు.

"పాము కాటు మందు. చూడటానికి అసలే. లోపల ఉన్నది మాత్రం ఉప్పు."

ఏజెంట్ ఆదిల్ సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. తేడా తెలియలేదు.

"మానేరు బయోలాజికల్స్ ఈ మందును చౌకగా చేస్తోంది. మారుమూల ఆస్పత్రులకు ఉచితంగా కూడా ఇస్తోంది. ఇదివరకు పొలంలో పాము కరిస్తే కరీంనగర్ చేరేలోపే ప్రాణం పోయేది. ఇప్పుడు ఊరి దగ్గరే మందు దొరుకుతోంది. ఆఫ్రికా దేశాలు కూడా కొంటామంటున్నాయి. అదే 'ఆర్కిడ్'కు కంటగింపు."

ఆర్కిడ్ ఒక విదేశీ ముఠా. మానేరు సరుకును మార్చి, నాలుగు ప్రాణాలు తీస్తే చాలు. ఆ కంపెనీ మందును ప్రపంచంలో ఎవరూ ముట్టుకోరు. తర్వాత ఆర్కిడ్ అమ్మే మందుకు వాళ్లు చెప్పిందే రేటు.

"నీ కవర్, అదే కంపెనీలో మెడికల్ రెప్. పేరు రాకేశ్. మకాం కోరుట్ల. నువ్వెవరో ఆ కంపెనీకి కూడా తెలియదు."

అలా ఆదిల్ ఒక లాడ్జి గదిలో రాకేశ్‌గా దిగాడు. బ్యాగు పట్టుకుని డాక్టర్ల చుట్టూ తిరిగాడు. సాయంత్రం లాడ్జి ముందు యూసుఫ్ పండ్ల బండి దగ్గర తన అమ్మభాష ఉర్దూ వినిపించేది. అర్థం కానట్టు నిలబడి అరటిపళ్లు కొనుక్కునేవాడు. రంజాన్ వచ్చింది. పండుగనాడు ఈద్గా వైపు తెల్లటి లాల్చీలు బారులు తీరాయి. ఆదిల్ కిటికీ మూసి మంచం మీద కూర్చున్నాడు. ఆ రోజు అతణ్ని కౌగిలించుకున్నవాళ్లు లేరు.

తర్వాత సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. రోడ్ల మీద వంటావార్పు. ఏ బండినీ కదలనివ్వడం లేదు, ఒక్క మందుల బండిని తప్ప.

ఒక ఉదయం జేబా నుంచి కబురు వచ్చింది. దుబాయ్ నుంచి దిగిన అందగత్తె, సిరిసిల్లలో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నడుపుతోంది. ఆర్కిడ్‌కు పని చేస్తూనే డిపార్ట్‌మెంట్‌కు వార్తలు పంపేది. అసలు ఎవరి మనిషో చీఫ్‌కే తెలియదు.

మూతపడ్డ మరమగ్గాల షెడ్డు ముందు ఆమె నల్లకళ్లద్దాలతో నిలబడి ఉంది.

"మగ్గాల చప్పుడు లేదేం?" ఆదిల్ కోడ్ అడిగాడు.

"సమ్మె కదా. దారానికి గూడ సెలవే." ఆమె గొంతు తగ్గించింది. "సరుకు మారింది. అసలు డబ్బాలు గీ షెడ్ల ఉన్నయి. నకిలీవి తెల్ల వ్యాన్‌ల కోరుట్ల ఆస్పత్రికి పోయినయి. నేనే పంపిన. పంపకుంటె నన్ను సంపుతుండిరి."

"మరి నాకెందుకు చెప్తున్నవ్?"

"ఎవరికన్న చెప్పాలె కదా, ఆదిల్."

అతను ఉలిక్కిపడ్డాడు. ఆ పేరు చెవిన పడి ఎన్నాళ్లైందో. ఇంకోసారి పిలవమని అడగాలనిపించింది. అడగలేదు.

ఆమె ఇచ్చిన తాళంచెవితో షెడ్డు తెరిచి, పెన్‌లోని యూవీ లైటును లేబుళ్ల మీద వేశాడు. అసలు లేబుల్‌కే ఉండే నీలం మెరుపు. అసలు సరుకే. డబ్బాలను కారులోకి ఎక్కించి కోరుట్ల దారి పట్టాడు.

కథలాపూర్ దగ్గర జనం రోడ్డుకడ్డంగా కూర్చున్నారు. వాళ్ల నాయకుడు సామేలు తెల్ల వ్యాన్‌కు తానే దారి ఇస్తున్నాడు. ఆదిల్ కారు దిగి పరుగెత్తి వ్యాన్‌కు అడ్డం నిలబడ్డాడు.

"ఆపుర్రి! అండ్ల మందు లేదు!"

సామేలు అతని చెంప ఛెళ్లుమనిపించాడు. "మా అవ్వను పొద్దుగాల పొలంల పాము కరిసింది, కోరుట్ల ఆస్పత్రిల ఉన్నది. గా మందు కోసమే సూస్తున్నం. నువ్వెవడివిరా ఆపెటానికి?"

నలుగురైదుగురు కలిసి ఆదిల్‌ను పక్కకు లాగారు. వ్యాన్ వెళ్లిపోయింది. జేబులో అసలు గుర్తింపు కార్డు లేదు. ఉన్నా చూపకూడదు. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది.

"అన్నా, నన్ను నమ్మకు. నా బండ్ల కూసో. నేను జెప్పింది అబద్ధమైతె ఆస్పత్రి కాడ్నే నన్ను సంపు."

సామేలు ఒక్క క్షణం అతని కళ్లలోకి చూశాడు. కారెక్కాడు.

వాళ్లు వార్డులోకి దూసుకెళ్లేసరికి సామేలు తల్లి రాజవ్వ కనురెప్పలు వాలిపోయి ఉన్నాయి. నర్సు కళ్యాణి నకిలీ మందు నింపిన సిరంజిని సెలైన్ గొట్టానికి ఆనిస్తోంది.

"సిస్టర్, ఆగు!" ఆదిల్ అరిచాడు.

సామేలే వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆదిల్ రెండు సీసాలను పక్కపక్కన పెట్టి లైటు వేశాడు. ఒకటి నీలంగా మెరిసింది. రెండోది మెరవలేదు. డాక్టర్ సిరంజిని పక్కన పారేసి అసలు సీసా అందుకున్నాడు.

వ్యాన్ డ్రైవర్ గేటు దాటకముందే సామేలు మనుషులకు దొరికిపోయాడు. అతను చెప్పిన పేర్లను ఆదిల్ చీఫ్‌కు చేరవేయడంతో సాయంత్రానికల్లా ముఠా మొత్తం ఎయిర్‌పోర్టులో పట్టుబడింది. జేబా మాత్రం దొరకలేదు. ఎన్నిసార్లు చేసినా ఆమె ఫోన్ మోగనేలేదు.

రాజవ్వ కళ్లు తెరిచింది. "గీ పిలగాడెవరు? మూతికి గా దెబ్బేంది?"

సామేలు తల దించుకున్నాడు. "మందుల కంపెనీ సారే అవ్వా. రాకేశ్ సారు. నేనే కొట్టిన." తర్వాత ఆదిల్ చెయ్యి పట్టుకున్నాడు. "సార్, ఇంటికొచ్చి ఇంత బువ్వ తినిపోర్రి."

"ఇంకోసారి వస్త అన్నా," అన్నాడు ఆదిల్. రాలేనని అతనికి తెలుసు.

లాడ్జి గదిలో అద్దం ముందు పెదవికి మందు రాసుకుంటుండగా ఫోన్ మోగింది. జేబా కావచ్చని ఆత్రంగా ఎత్తాడు. కంపెనీ సేల్స్ మేనేజర్.

"ఏం పని చేస్తున్నావయ్యా రాకేశ్? నీ ఏరియాలో ఈ నెల దగ్గు సిరప్ అమ్మకాలే లేవు!"

ఆదిల్ గొంతు సవరించుకున్నాడు.

"ఏం చెయ్యమంటరు సార్, ఇక్కడ అందరు మంచిగున్నరు."