ఎర్తు కడ్డీ దిగిన చోటు

ఇదివరకు నేనేమీ రాసి ఎరగను. ఉత్తరం రాయాలన్నా పక్కింటివాళ్ళనే బతిమాలుతాను. అయినా తెరిసమ్మ నాకు చెప్పిన సంగతి నాతోనే పోకూడదని కూర్చున్నాను.

ఎనభై మూడులో మాట. అనంతగిరి పైన కాఫీ తోటల్లో మిషను వాళ్ళ మందుల గది ఒకటుండేది. తెరిసమ్మ అక్కడ ఆయా. చలికాలం. పొద్దు గూకేసరికి మంచు కిటికీ దాకా వచ్చి నిలబడింది. కిరసనాయిలు దీపం వాసన. లోపలి గదిలో ఆమె కూతురు సంతోషమ్మ నొప్పులు పడుతోంది. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది. కొండ కింద ఆస్పత్రి నుంచి జీపు రావాలి. పిలవడానికి ఉన్నది వైర్‌లెస్ ఒక్కటే.

దానికి ఉత్త బ్యాటరీ చాలదు. మధ్యలో కన్వర్టరు పెట్టె ఉంటేనే పలుకుతుంది. ఆ పెట్టె వేస్తే చాలు, జోరీగలు మూగినట్టు ఒకటే రొద. అవతలి మాట ఒక్క ముక్క వినపడదు.

"ఏటి సేత్తన్నావురా అహరోనూ? నీ పెట్టె కన్నా మా కోడిపెట్ట నయం, పిలిస్తే పలుకుద్ది," అంది తెరిసమ్మ.

మెకానిక్కు అహరోను తలెత్తలేదు. "మూత లేకుండా పోపేస్తే ఆవాలు సిట్లవా అత్తా? ఈ పెట్టె కరెంటుని ముక్కలు ముక్కలుగా తెంపుద్ది. ఆ సిట్లుడే ఈ రొద."

వైర్లు పొట్టిగా కత్తిరించి జంటగా మెలేశాడు. రేకు మూత బిగించాడు. రొద సగం తగ్గింది.

"మిగతా రొద భూమిలోకి పోవాలంటే ఎర్తు తీగ తడి నేలలో దిగెయ్యాల. ఎండు నేల పనికిరాదు."

ఇనప కడ్డీ, సుత్తి పట్టుకుని చీకట్లోకి పరిగెత్తాడు. ఆ రాతి నేలలో తడి ఉన్నది ఒక్కచోటే, వంటింటి నీళ్ళు పారే చోట. ఠంగ్... ఠంగ్...

తెరిసమ్మ గుమ్మంలోకి ఉరికింది. సంతోషమ్మ మొదటి కానుపులో ఆడగుంట చచ్చి పుట్టింది. జ్ఞానస్నానం లేని బిడ్డకి సమాధుల దొడ్లో చోటు దొరకలేదు. అక్కడే పెట్టారు, ఆ తడి నేలలోనే. అహరోను ఊరికి కొత్త. అతనికేం తెలుసు!

"ఆగరా బాబూ..." అనేలోపే అతను వచ్చి తీగ తగిలించేశాడు.

రొద ఆగిపోయింది. నిశ్శబ్దం.

తర్వాత వైర్‌లెస్‌లోంచి... పసిబిడ్డ ఏడుపు.

"కానుపైపోనాదేటి?" గుసగుసలాడాడు అహరోను.

తెరిసమ్మ లోపలికి తొంగి చూసింది. కాలేదు. సంతోషమ్మ ఇంకా మెలికలు తిరుగుతోంది.

మైకు నొక్కింది. "జీపు... బేగి పంపండి..." అవతల ఎవరో పలికినట్టే ఉంది. ఆ మాటని ఏడుపు మింగేసింది. అహరోను తీగ ఊడబీకాడు. రొద. మళ్ళీ తగిలించాడు. ఏడుపు... ఇంకా దగ్గరగా... బ్యాటరీ దిగిపోయేదాకా అంతే.

జీపు రాలేదు. బిడ్డ చచ్చే పుట్టింది. ఒక్కసారీ ఏడవలేదు.

"నా గుంట ఏడిసింది గదమ్మా. నాను ఇన్నాను," అంది సంతోషమ్మ.

మర్నాడు పొద్దున్నే అహరోను బ్యాటరీని చార్జింగుకి మోసుకుపోయాడు. తెరిసమ్మ కడ్డీ పక్కనే చిన్న గొయ్యి తవ్వి, బిడ్డని పెట్టి, మన్ను కప్పింది. కడ్డీ పీకేద్దామని చెయ్యి వేసింది.

కిటికీలోంచి ఏడుపు వినిపించింది. బల్ల మీద బ్యాటరీ లేని వైర్‌లెస్. అందులోంచే. ఈసారి రెండు గొంతులు.

తెరిసమ్మ చెయ్యి తీసేసింది. వంటింట్లోంచి చెంబుడు నీళ్ళు తెచ్చి, నేల ఆరిపోకుండా, కడ్డీ మొదట్లో, పసిబిడ్డ నెత్తిన జ్ఞానస్నానం నీళ్ళు పోసినట్టు మెల్లగా పోసింది.

ఒక గొంతు ఊరుకుంది.