మీట దించిన చోట

ఆదివారం పొద్దున అద్రియానా తల్లికి నల్ల గౌను తొడిగి, జుట్టు దువ్వి, టోపీ పెట్టి, టీవీకి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టింది. తుంటి ఎముక విరిగిన దగ్గర్నుంచి పీటర్నెల్లా గడప దాటలేదు. అయినా చర్చి టీవీలో ఇంటికే వస్తున్నప్పుడు రాత్రి గౌనుతో కూర్చునే రకం కాదామె. ఆమెకు దేవుడంటే భయం కంటే మర్యాద ఎక్కువ.

"టోపీ ఎడమకి ఒరిగింది," అంది పీటర్నెల్లా.

"ఎవరు చూడొస్తున్నారమ్మా?"

"అదేగా నేననేది. ఎవరొస్తున్నారు?"

అద్రియానా టోపీ సరిచేసి, ఆ ముసలి చేతిలో రెండు పిప్పరమెంటు బిళ్లలు పెట్టింది. ప్రసంగం నడుస్తున్నంతసేపూ బుగ్గన పిప్పరమెంటు లేకపోతే వాళ్లుండే ఆ దీవిలో ఎవరికీ వాక్యం వంటబట్టదు. తల్లి మాటలోని ములుకు ఆమెకు తెలిసింది గాని గుచ్చుకోలేదు. కిందటి చలికాలం తండ్రి మారినుస్‌ను మట్టి చేసినప్పటినుంచి ఏ మాటా ఆమెలోకి దిగడం లేదు. ఆ రోజు సమాధి దగ్గర ఊరంతా ముక్కులు చీదుతుంటే, తను మాత్రం లైవ్ కోసం పరిచిన కెమెరా తీగ ఎవరి కాళ్లకైనా అడ్డం పడుతుందేమోనని చూస్తూ నిలబడింది. ఒక్క చుక్క కన్నీరు రాలేదు.

చర్చిలో ఆమె చోటు పైన, ఆర్గన్ పక్కన. రెండు కెమెరాలు, ఒక తెర, శబ్దాన్ని పెంచీ దించే మీటలు. మంచాన పడ్డవాళ్లకూ, ఓడలమీద ఉన్నవాళ్లకూ ఆదివారం ఆరాధన అందేది ఆమె చేతిమీదుగానే. చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్లలో ఆమెకు వినపడేది బయటికి వెళ్లే శబ్దం మాత్రమే. కింద గుడిలో ఏం పాడుతున్నారో, ఎవరు దగ్గుతున్నారో ఆమెకు పట్టదు. అలా ఉండటమే ఆమెకు హాయిగా ఉంది, దాన్ని హాయి అనొచ్చో లేదో గాని.

ప్రసంగం అయ్యాక పాస్టరుగారు రోగుల కోసం ప్రార్థన మొదలుపెట్టారు. అద్రియానా కెమెరాను జనం మీదనుంచి తిప్పి కిటికీ అద్దాల మీద పెట్టింది. ప్రార్థన వేళ ముఖాలు చూపించకూడదని పద్ధతి. పాస్టరుగారు నిదానస్తుడు, పేరుకీ పేరుకీ మధ్య ఒక నిద్ర తీసి లేవచ్చు. కోర్నెలిస్ మోకాలి ఆపరేషను గురించి దేవుడికి విన్నవించి ఆగారు. అద్రియానా మీట దించింది. కాసేపు కిటికీ అద్దాలు మాత్రమే కనిపించాయి. పాస్టరుగారి తల మళ్లీ పైకి లేవగానే మీట ఎత్తింది. చూసేవాళ్లకు అది మామూలు మౌనమే.

ఇంటికొచ్చి, నిన్న కాచి ఉంచిన మాంసం ఉండల సూప్ వేడి చేసి ముగ్గురికీ పోసింది. భర్త క్రైన్ ఆకలిమీద ఉన్నాడు. పీటర్నెల్లా చెంచా ముట్టలేదు.

"మంగళవారం సంఘపెద్ద వస్తానన్నాడుగా," అంది. "నా పేరు సంఘంలోంచి తీసెయ్యమని చెబుతాను."

క్రైన్ తలెత్తాడు. "ఏమైంది అత్తయ్యా?"

"నేను పోయాక నన్ను ఆ చర్చికి తీసుకెళ్లకండి. ఎక్కడో ఒకచోట పూడ్చండి."

"నాన్న పక్కన చోటు ఉంచుకున్నాం కదమ్మా," అంది అద్రియానా, ఉప్పు అందించినంత మామూలుగా.

"నాకొద్దు ఆ చోటు. బుద్ధెరిగినప్పటినుంచి అక్కడి బల్లలు అరగదీశాను. పెళ్లి అక్కడే, నీ బాప్తిస్మం అక్కడే. మంచాన పడ్డానో లేదో, నేనెవరో ఎవరికీ గుర్తు లేదు. కోర్నెలిస్ మోకాలికి వారం వారం ప్రార్థన. ఆ మోకాలు ఈపాటికి పరలోకం చేరి ఉంటుంది. నా తుంటికి ఒక్క ముక్క లేదు."

క్రైన్ నవ్వబోయి, ఆమె పెదవులు వణకడం చూసి ఆగిపోయాడు. "ఇవాళ కూడా మీ పేరు చెప్పారు కదత్తయ్యా."

"ముసలిదాన్ని ఊరడించకు."

"ఊరడించడమేంటి? ప్రతి వారం చెబుతారు. చర్చిలో కూర్చుని ఈ చెవులతో వింటున్నా."

ఇద్దరూ ఒకేసారి అద్రియానా వైపు చూశారు. ఆమె రొట్టె తుంచుతోంది.

"నేనే మీట దించుతున్నాను," అంది. "రోగుల పేర్లు లోకమంతా వినడం ఇష్టమో కాదో ఇంటివాళ్లు చెప్పాలన్నారు పెద్దలు. వద్దన్నాను."

"నన్నడిగావా?" అంది తల్లి.

"లేదు."

"ఎందుకడగలేదు?"

"అడిగితే ఒప్పుకుంటావని."

క్రైన్ చెంచా కింద పెట్టేశాడు. అద్రియానా మాత్రం ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పుకుపోయింది. "చర్చిలో విన్నవాళ్లే చాలు. లైవ్‌లో కూడా వింటే పక్క దీవుల్లో చుట్టాలంతా దిగుతారు. ఇక్కడ కూర్చుని నాన్న ఎంత మంచివాడో చెబుతారు. నేను వినలేను."

"చర్చిలో విన్నవాళ్లు వచ్చారా మరి?"

"వచ్చారు. నిద్రపోతున్నావని పంపేశాను."

"నేను నిద్రపోతున్నానా?" పీటర్నెల్లా గొంతు పెద్దది కాలేదు, ఇంకా సన్నబడింది. "గోడలతో మాట్లాడుకుంటున్నానే తల్లీ నేను. ఆయన పేరెత్తితే నువ్వు గిన్నెలు కడగడానికి లేచిపోతావు. వచ్చినవాళ్లను గుమ్మంలోంచే తోలేశావు. కట్టుకున్నవాడి గురించి నాలుగు మాటలు అనుకోవడానికి ఈ ఇంట్లో నాకెవరిని మిగిల్చావు?"

తప్పు చేశానని అద్రియానాకు తెలుసు. తెలియడం వేరు, గుండెకు తగలడం వేరు. తగిలితే బాగుండునని ఆమె నిజంగానే అనుకుంది. లోపల ఎక్కడ తడిమినా ఏమీ దొరకలేదు.

"అంత మంచి ప్రార్థన వారం వారం వింటూ ఎలా దించావే?" అన్నాడు క్రైన్.

"నేను వినను. మీట దించితే నాకూ వినపడదు."

క్రైన్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అయితే నీకు తెలియదా?"

"ఏం తెలియదు?"

"చర్చికని దాచే రికార్డింగు నీ దగ్గరే ఉందిగా. మీట దించినా అందులో అన్నీ ఉంటాయన్నావు. తీసుకురా."

అద్రియానా ల్యాప్‌టాప్ తెచ్చి బల్లమీద, చల్లారిపోయిన సూప్ పక్కన పెట్టింది. కోర్నెలిస్ మోకాలు వచ్చింది, పోయింది. మౌనం. తర్వాత, ఆమె మీట దించిన చోట, పాస్టరుగారి గొంతు వినిపించింది.

"నీ కుమార్తె పీటర్నెల్లాను తలంచుకో ప్రభువా. ఆమె లేని బల్ల మాకు బోసిగా ఉంది. ఆమె ఎముకలకు బలమియ్యి. మారినుస్ లేని ఇంట్లో ఆమెకు తోడుండు."

పీటర్నెల్లా టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. ప్రార్థన అయిపోయిందనుకుని అద్రియానా ఆపబోతే క్రైన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"పైన కూర్చుని మమ్మల్ని ఇంటింటికీ చేరవేస్తున్న అద్రియానాను కూడా నీ చేతికి అప్పగిస్తున్నాం. తండ్రిని పోగొట్టుకున్న బిడ్డ. తనకోసం ఆమె ఏమీ అడగదు. ఆమె బదులు మేం అడుగుతున్నాం."

గుడిలో ఎవరో ముక్కు చీదిన చప్పుడు కూడా అందులో ఉంది.

"ఇవాళేనా?" అంది అద్రియానా.

"ప్రతి వారం," అన్నాడు క్రైన్. "వింటున్నావనే అనుకున్నా. విని కూడా ఇలా ఉన్నావేంటా అని నాకు భయమేసేది."

తల్లి పేరు చెరిపేస్తున్నాననుకుని ఇన్నాళ్లూ తన పేరే చెరుపుకుంది. ఊరంతా తలలు వంచి తనకోసం అడుగుతుంటే, వాళ్ల తలలమీదే కూర్చుని చెవులు మూసుకుంది. ఆమె తల్లి కుర్చీ పక్కన నేలమీద కూలబడి, చిన్నపిల్లలా నోరు తెరిచి ఏడ్చింది. నాన్నా అంది. మళ్లీ మళ్లీ అదే మాట అంది.

పీటర్నెల్లా కూతుర్ని ఊరుకోమనలేదు. తలమీద చెయ్యి వేసి ఉంచింది, అంతే. క్రైన్ చప్పుడు కాకుండా ల్యాప్‌టాప్ మూశాడు.

"మంగళవారం పెద్దతో నేనే మాట్లాడతాను," అంది పీటర్నెల్లా చాలాసేపటికి. "నా పేరు తియ్యొద్దు, గట్టిగా వినపడాలి అంటాను. పక్క దీవిలో మీ మేనత్తకు చెవుడు."

అద్రియానా ఏడుస్తూనే తలాడించింది.

"మీ నాన్న పక్కన చోటు కూడా అలాగే ఉండనీ. ఇప్పుడు నేను ఆయన గురించి చెబుతాను. గిన్నెలని లేవకు."

"లేవను."

"పెళ్లికి ముందు ఒకసారి నన్ను ఇంటిదాకా దిగబెట్టాడు. సముద్రపు గట్టుమీద ఎదురుగాలి. దారి పొడవునా ఒక్క మాట లేదు. మూగవాడేమో, నా ఖర్మ అనుకున్నాను. తీరా మా గుమ్మం దగ్గర ఆగి ఏమన్నాడో తెలుసా? వింటున్నావా?"

అద్రియానా ముక్కు తుడుచుకుని, ఊఁ కొట్టింది.