లష్కర్ క్వార్టర్ కాడ ఉడుకునీళ్లు

నాకొక మంచి గుణమున్నది. నా వంటను నేనే మెచ్చుకుంట, ఇంకొకరికి ఆ కష్టం పెట్ట. ఎవల దగ్గరా నేర్చుకోలే. ఫోన్ల వీడియోలు సగం చూసి, మిగిలిన సగం నా తెలివితోని నింపిన. దానికి సాక్ష్యం మా కుక్క జాంగ్రీ. దేవరకొండ బస్టాండు కాడ దొరికిననాడు దాని బొక్కలు లెక్కపెట్టొచ్చు. రెండు నెలలు నా బిర్యానీ తిని గుమ్మడికాయ లెక్క అయ్యింది. పోయిన ప్రతి ఊర్ల దాని కడుపు చూపిచ్చి, "ఇదీ వంటంటే!" అనేటోన్ని.

పాత వ్యాను సీట్లు పీకి, పరుపేసి, పొయ్యి పెట్టి, క్యాంపర్ అని పేరు పెట్టుకున్న. జనం ఉల్లిగడ్డల బండి అనుకొని ఆపేటోళ్లు. ఈసారి బయలెల్లిన నాలుగోనాడు, ఆత్మకూరు దాటినంక, నడుము పట్టేసింది. "ఈ దినం విశ్రాంతి" అని ప్రకటించిన. విన్నది జాంగ్రీ ఒక్కతే. అదప్పటికే పండుకున్నది.

బండి ఆపింది కాలువ గట్టు మీద. పక్కనే పాడుబడ్డ లష్కర్ క్వార్టర్. ఒకప్పుడు కాలువకు కావలుండే లష్కరు ఇల్లు. తలుపుల్లేవు, కప్పు సగమే ఉన్నది.

ఆ జాగాకు చెడ్డపేరున్నదని గుర్వమ్మ చెప్పింది. కాలువ అవతల ఉంటదామె. కండ్లకు పొరలొచ్చినయ్. మేక తాడు పట్టుకొని నడుస్తది. మేకను ఆమె మేపుతదో, ఆమెను మేక నడిపిస్తదో తెల్వది.

"గిక్కడ ఆపినవేంది కొడుకా? లష్కరు పెండ్లాం గీ ఇంట్లనే కాన్పు కాలేక సచ్చిపోయింది. వాన రాత్రి... మొగడు ఉడుకునీళ్ల కోసం ఊరంత తిరిగితె ఎవ్వలూ తలుపు తీయలే. ఇప్పటికీ రాత్రిపూట చంటిపిల్ల ఏడుస్తది. మనిషి కనవడితె ఆమెనే అచ్చి, జర ఉడుకునీళ్లియ్యిండ్రి... అని అడుగుతది."

"ఎవలన్న ఇచ్చిన్రా అవ్వా?"

"ఇస్తే ఇంకెందుకు తిరుగుతది?"

నవ్విన. "దయ్యానికి గీజర్ పెట్టిద్దాం తియ్ అవ్వా" అన్న. నేను సదువుకున్నోన్ని గద, పదో తరగతి రెండుసార్లు సదివిన.

గుర్వమ్మ వంగి జాంగ్రీ కడుపు మీద చెయ్యేసింది. చెయ్యి శానసేపు తీయలే.

"ఏం పెడుతున్నవ్ దీనికి?"

"బిర్యానీ."

"ఓహో, బిర్యానీనా..." మూతి ముడిచి, భుజం మీది గోనెసంచి తీసిచ్చింది. "సరే మరి. రాత్రికి దీన్ని కట్టెయ్యకు. గీ సంచి ఓ మూలకు పరిచిపెట్టు. ఉడుకునీళ్లు దగ్గర పెట్టుకో."

"ఎందుకవ్వా?"

"బిర్యానీ అంటివి గద, నీకే తెలుస్తది."

సంచి, ఉడుకునీళ్లు... ఇగ నిమ్మకాయ ఒక్కటే తక్కువ! ఆమె మేక గట్టు మలుపు తిరగంగనే సంచిని తుమ్మకంపల్లకు ఇసిరేసిన. జాంగ్రీని వ్యానులనే రెండు ముడులేసి కట్టేసిన. మూఢనమ్మకాన్ని అట్లనే ఓడగొట్టాలె.

పొద్దుగూకినంక జాంగ్రీ నా బిర్యానీ వాసన చూసి మొకం తిప్పుకున్నది. జన్మల అంత అవమానం పడలే. అలిగిన. పొద్దున చాయ్‌కని ఉడుకునీళ్లు కాచి పోసిన ఫ్లాస్కును బయట మెట్టు మీదనే మరిచి, పండుకున్న.

ఎప్పుడో మెలుకువొచ్చింది. తాడు కొరికి ఉన్నది. డోరు జానెడు తెరిచి ఉన్నది. జాంగ్రీ లేదు.

క్వార్టర్ల నుంచి... సన్నగ... ఏడుపు.

చంటిపిల్ల ఏడుపే. ఒకటి. కొంచెం ఆగి – ఇంకొకటి. నడుమ నడుమ ఒక మూలుగు. ఆ మూలుగు జాంగ్రీది. గుర్తుపట్టిన. దానికేదో అయితాందని గుర్తుపట్టి కూడ... డోరు గుంజి గడియ పెట్టుకున్న.

టక్... టక్... వ్యాను రేకు మీద చప్పుడు.

"జర... ఉడుకునీళ్లు..."

గీజర్ పెట్టిస్తనన్న మొగోన్ని దుప్పటి నిండ కప్పుకున్న. పండ్లు కొట్టుకుంటున్నయ్. ఆ సందుల నుంచే ఎట్లనో బయటికొచ్చింది –

"మెట్టు మీద... ఫ్లాస్కు..."

మెట్టు మీద కిర్రుమన్నది. ఇగ ఏం చప్పుడు లేదు.

తెల్లారి, బాగ తెల్లారినంకనే, క్వార్టర్లకు పోయిన. మూలకు జాంగ్రీ. కడుపు లేదు. దాని పక్కన ఐదు పిల్లలు, కండ్లు తెరవనివి, సన్నగ ఏడుస్తున్నయ్. రెండు నెలల నా వంట పేరంత అక్కడ పండి పాలు తాగుతాంది!

నవ్వబోయిన. నవ్వు సగంల ఆగింది. పిల్లల కింద గోనెసంచి. నేను కంపల్లకు ఇసిరిందే, తుమ్మముల్లు ఇంకా దానికే ఉన్నది. పక్కన నా ఫ్లాస్కు. ఖాళీ. మూత మంచిగ తిప్పి పెట్టి ఉన్నది.

దగ్గరికి పోతే జాంగ్రీ నన్ను చూసి గుర్రుమన్నది. దానిది న్యాయమే.

అంతల గుర్వమ్మ, తన కొడుకు బీరప్ప చెయ్యి పట్టుకొని అచ్చింది.

"ఎన్ని?"

"ఐదు."

"ఏం బిర్యానీరా అది!" అని బీరప్ప కడుపు పట్టుకున్నడు.

"అవ్వా, రాత్రి అచ్చింది నువ్వే గద? నీళ్లడిగింది, సంచి పరిచింది..."

బీరప్ప నవ్వు ఆపిండు. "మా అవ్వనా? దీపం పెట్టినంక గడప దిగదన్నా. కాలువ మీది దుంగను పగలే మేకనో నన్నో పట్టుకొని దాటుతది."

గుర్వమ్మ మొకం నా దిక్కు తిప్పింది. పొరల కండ్లతోని సూటిగ చూసింది.

"నీళ్లిచ్చినవా?"

"ఇచ్చిన."

"తలుపు తీసి ఇచ్చినవా?"

ఇది జరిగి రెండేండ్లయింది. ఆ దిక్కు మళ్ల ఏడుపు ఇనవడలేదని బీరప్ప ఫోన్ చేసి చెప్తడు. తలుపు తీయకుండ ఇచ్చింది ఇచ్చినట్టు లెక్కనో కాదో గుర్వమ్మ మాత్రం చెప్పలే. బిర్యానీ మానేసిన, కుక్క కడుపు చేత్తోని చూసుడు నేర్చుకున్న. రాత్రిపూట ఎవలన్న టక్ టక్ అంటె లేచి తలుపు తీసుడు... అది మాత్రం నాకింకా రాలే.