ఒకే ఇంట్లో ఇద్దరు ముత్తమ్మలు

"నువ్వు మా అమ్మవని రుజువు కావాలంటున్నరమ్మా..."

ఫోనులోకి చూస్తూ అశ్రిత ఆ మాట అనేసరికి రోజారాణి చేతిలోని గరిటె అన్నం గిన్నెలోనే ఆగిపోయింది. కంపెనీ బస్సు అందుకోవాలన్న తొందరలో టిఫిన్ డబ్బా సర్దుకుంటున్న మనిషి, తాను విన్నది సరిగ్గానే విన్నదో లేదో తెలియక కూతురి ముఖం వైపే చూస్తూ ఉండిపోయింది. నవమాసాలు మోసి కన్న తల్లిని పట్టుకుని, నువ్వు తల్లివేనా అని అడగడమేమిటి! లోకంలో ఏ ఆడదాన్నయినా అడిగే ప్రశ్నేనా ఇది...

"ఏందే ఆ మాటలు? మంచిగ సదివి చెప్పు."

"మంచిగనే సదివిన. నా టెన్త్ మెమోల తల్లి పేరు రోజారాణి అని ఉన్నది. నీ ఆధార్ల, ఇన్‌కం సర్టిఫికెట్ల ముత్తమ్మ అని ఉన్నది. రెండు పేర్లు కలుస్తలేవని నా అప్లికేషన్ పక్కకు వెట్టిన్రు. శుక్రవారం లోపల సరిచేయకపోతే ఇగ తీసుకోరట."

ఎండాకాలమంతా అశ్రిత ఆ ఫోను పట్టుకునే కూర్చుంది. రీల్స్ చూస్తోందని పక్కింటివాళ్లు అనుకున్నారు గానీ, పిల్ల వెతికింది స్కాలర్‌షిప్పులు. ఒకదానికి మార్కులు చాలలేదు. ఒకదానికి అప్పటికే గడువు దాటిపోయింది. ఇంకొకటి దరఖాస్తుకే డబ్బు కట్టమంటే అది మోసమని పిల్లే పసిగట్టింది. చివరికి తండ్రి లేని ఆడపిల్లలను కాలేజీ చదువు పూర్తయ్యేదాకా ఆదుకునే ఒక ట్రస్టు దొరికింది. వాళ్ల ఆఫీసు సుచిత్ర చౌరస్తాలో. అక్కడ ఇంటర్వ్యూ చేశారు, మెచ్చుకున్నారు, నవ్వుతూ పంపించారు. కౌన్సెలింగ్‌లో ఇంజనీరింగ్ సీటు కూడా వచ్చింది. ప్రభుత్వమిచ్చే ఫీజు సగానికే సరిపోతుంది. మిగతా సగం ట్రస్టు ఇస్తే చదువు, ఇవ్వకపోతే తల్లి పక్కనే మేడ్చల్ మందుల కంపెనీలో ప్యాకింగ్ బల్ల దగ్గర నిలబడడం. అంతే, మధ్యలో ఇంకో దారి లేదు.

అసలు ఈ చిక్కంతా ఎక్కడ మొదలైందంటే, పెళ్లి పందిట్లో. శామీర్‌పేట దగ్గరి పల్లెలో పుట్టిన ఆ పిల్లకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ముత్తమ్మ. రావల్‌కోల్‌లో ఆమె అడుగుపెట్టిన ఇంట్లో అత్తగారి పేరూ ముత్తమ్మే! అత్త పేరున్న కోడలిని ఆ పేరుతో ఎలా పిలుస్తారు? కోడలిని కేకేస్తే అత్త పలకాలా? కోడలిని తిడితే ఆ తిట్టు ఎవరికి తగలాలి? అందుకని అత్తగారు అప్పటికప్పుడు, తలంబ్రాల బియ్యం ఇంకా నెత్తి మీద ఉండగానే, రోజారాణి అని పేరు మార్చేసింది. కొత్త కోడలు తలొంచుకుని ఊరుకుంది. మన ఇళ్లల్లో తలొంచుకోవడాన్నే ఒప్పుకోవడం అంటారు కదా... భర్త భాస్కర్ ఆ పేరుతోనే పిలిచాడు, బిడ్డ పుడితే బడిలో తల్లి పేరు అదే రాయించాడు. ఆధార్ మాత్రం ఆమె పుట్టింటికి వెళ్లినప్పుడు తీయించుకుంది. చూపించింది తన పాత స్కూలు కాగితం, అందులో ఉన్నది పుట్టింటి పేరు. అడ్రసు మాత్రం తర్వాత రావల్‌కోల్‌కు మార్పించాడు భాస్కర్. ఆ రెండు పేర్లూ ఒకరోజు ఎదురెదురుగా నిలబడి పోట్లాడుకుంటాయని పాపం ఎవరికి తెలుసు?

ట్రస్టు ఆఫీసుకు ఫోన్ చేస్తే తృప్తి అనే అమ్మాయి ఎత్తింది. మాట మెత్తగానే ఉంది గానీ, చెప్పిన విషయం మాత్రం గుండెల్లో దిగింది.

"చూడండమ్మా, మీ రేషన్ కార్డులో పాప నాయనమ్మ పేరు ముత్తమ్మ. అదే ఇల్లు, అదే ఊరు. ఆధార్ జిరాక్సులో ముఖం, వయసు సరిగ్గా తెలియట్లేదు. పాప తల్లి రోజారాణి వేరే ఎక్కడో ఉద్యోగం చేస్తూ ఉందేమో, నాయనమ్మ సర్టిఫికెట్ పెట్టారేమో అని మా కమిటీవాళ్ల అనుమానం. ఇదివరకు ఒకళ్లు అలాగే మోసం చేశారు. పేరు మార్పు కాగితం ఏమైనా ఉందా?"

"కాయితమెక్కడిది మేడం? మా అత్త నోటితోని మార్చిన పేరు."

"అయితే మీ అత్తవారింటివాళ్లే చెప్పాలి. రేపు మీ అత్తవారింటికి నేనే వస్తాను. భర్త తరఫు పెద్దలు నా ముందు చెప్పి సంతకం చేస్తే చాలు."

రోజారాణి ఫోన్ పెట్టేసింది. అదొక్కటి తప్ప ఏదైనా అడగకూడదా భగవంతుడా! భాస్కర్ పోయాక, ఆడపిల్లకు పది చాలు, ఇంక చదువెందుకని బావగారు వీరేందర్ తేల్చేస్తే, ఆమె మొదటిసారి తలెత్తి కాదన్నది. బిడ్డను ఇంటర్ చదివించడానికి మేడ్చల్‌లో ఒక్క గది అద్దెకు తీసుకుంది. బయల్దేరుతుంటే అత్తగారు గుమ్మంలో నిలబడి, "పోతే పో, మళ్ల నా గడప తొక్కకు," అన్నది. ఆ తర్వాత పండుగ లేదు, పలకరింపు లేదు. ఇప్పుడు అదే గడప తొక్కి, అదే నోటితో తనకు సాక్ష్యం చెప్పమని అడగాలి.

"పోదాం పా అమ్మా," అన్నది అశ్రిత. "అవ్వ ఏమన్నా అనని. పడదాం."

మర్నాడు రావల్‌కోల్ మలుపులోనే వీరేందర్ ఫ్లెక్సీ ఎదురైంది. అందులో చేతులు జోడించి ఊరందరికీ నవ్వుతూ నమస్కారం పెడుతున్నాడు. ఇంటికి వెళితే ఆ నవ్వు మాత్రం కనిపించలేదు. ప్లాట్లు అమ్మించి, అమ్మించి, మనుషులను కూడా గజాల్లో కొలిచే చూపు వచ్చింది ఆయనకు. వసారాలో అత్తగారు చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉంది. కోడలిని చూసింది. మళ్లీ చింతపండులోకి తల దించుకుంది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

విషయం విన్న వీరేందర్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"మనింటి పిల్ల ట్రస్టోళ్ల పైసలతోని సదువుతదా? దిక్కులేనోళ్లకిచ్చే పైసలవి. రేపు ఊర్లె నా మొకమేం గావాలె?"

"మరి మీరు సదివిస్తరా బావా?"

అడగకూడదనుకుంటూనే అడిగేసింది రోజారాణి. ఆయన ఫోను తీసి ఎవరికో ఫోన్ చేస్తున్నట్టు చెవికి పెట్టుకున్నాడు. అది చూసి ఆమెకు ఒళ్లంతా మండింది... అయినా పళ్లు బిగబట్టింది. అవసరం తనది, కోపం కూడా తనదే అయితే ఎలా!

అంతలోనే గేటు ముందు స్కూటీ ఆగింది. తృప్తి వచ్చింది. పాతికేళ్లుంటాయేమో, భుజానికి సంచి. కూర్చోమని కుర్చీ వేసింది వీరేందరే. పదిమందిలో తిరిగే మనిషి కదా, మర్యాదకు లోటు లేదు.

"సార్, మీ తమ్ముడి భార్య పేరేంటండీ?" అని అడిగింది తృప్తి.

"రోజారాణి."

"మరి ముత్తమ్మ ఎవరు?"

"ముత్తమ్మంటే మా అమ్మ. గాడ కూసున్నది చూడున్రి."

అంతే అన్నాడు. ఒక్క అబద్ధం ఆడలేదు! రెండూ నిజాలే. ఆ రెండు నిజాలతోనే పిల్ల మెడ మీద కత్తి పెట్టాడు. తృప్తి ముఖం మారిపోయింది. రోజారాణి వైపు ఒకసారి చూసి, పుస్తకం మూసేసింది. అశ్రిత గోడకు ఆనుకుని అలాగే నిలబడిపోయింది. పిల్ల కళ్లల్లో నీళ్లు కూడా రాలేదు, అంత భయపడింది.

"బావా, గిట్ల జేయకున్రి. మొత్తం చెప్పున్రి. నా పేరు ఎవరు మార్చిన్రో, ఎందుకు మార్చిన్రో మీకెరుకనే కదా?" రోజారాణి బావగారి కుర్చీ ముందుకొచ్చింది. "నాకేం వద్దు. భూమిల పాలొద్దు, ఇంట్ల సోటొద్దు. ఈ పిల్లకు నేను తల్లినని ఒక్క మాట చెప్పున్రి..."

"అడిగిందానికి చెప్పిన. ఇంకేం జెప్పాలె?"

తృప్తి లేచింది. సంచి భుజానికి తగిలించుకుంది. "సారీ అమ్మా. పెద్దవాళ్లే ఇలా చెబితే నేనేం రాసుకోను?"

"కూసో బిడ్డా."

ఆ మాట వసారాలోంచి వచ్చింది. అందరూ అటు తిరిగారు. అత్తగారు చేతులకంటిన చింతపండు కొంగుకు తుడుచుకుంటూ మెల్లగా లేచి నిలబడింది. ఆ నోటి నుంచి ఇప్పుడేం వస్తుందో... తిడుతుందా, తరిమేస్తుందా?

"నన్నడగవైతివి. పేరు వెట్టింది నేనైతే వాన్నడిగితె ఏమెరుక?" అన్నది ముసలావిడ తృప్తితో. "గీమె తల్లిగారు పెట్టుకున్న పేరు ముత్తమ్మనే. నేను ఉండనియ్యలే. గప్పుడు గోడకు క్యాలెండరుండె, దాని మీద రోజాపూలుండె. అవి జూసి రోజారాణి అన్న."

"ఆమె ఒప్పుకున్నారా అమ్మా?"

"అడిగితె గద ఒప్పుకునేది." అన్నది ముసలావిడ. "నన్ను మాత్రం ఎవరడిగిన్రు?"

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె కోడలి వైపు చూడకుండా, నేల వైపు చూస్తూ మాట్లాడింది.

"మా తల్లిగారింట్ల నన్ను బాలమణి అనేటోళ్లు. గీ ఇంటికొచ్చిన తెల్లారి మా అత్త, ఇగ నువ్వు ముత్తమ్మవు అన్నది. సచ్చిపోయిన ఆమె బిడ్డ పేరట అది. ఆ పేరు మోస్తున్ననని గీ ఇంట్ల నన్ను మనిషి లెక్క జూసిన్రు. నాకు దొరికింది అదొక్కటే. గసొంటి పేరు, గీమె తల్లిగారింటి నుంచే తెచ్చుకున్నది, ఉత్తగ. నా పానం ఒప్పలే."

వీరేందర్ నోరు తెరిచి తల్లినే చూస్తున్నాడు. కన్నతల్లి అసలు పేరు ఆయన ఇన్నేళ్లకు వినడం అదే మొదటిసారి. రోజారాణి తన పేరు లాక్కున్న మనిషని ఇన్నేళ్లూ లోలోపల తిట్టుకుంది. ఆ మనిషికి కూడా తన పేరంటూ మిగల్లేదని ఎన్నడైనా ఊహించిందా! కోపమంతా ఏమైపోయిందో, ఆ ముసలి చేతులు పట్టుకుని భోరున ఏడవాలనిపించింది.

"అమ్మా, నువ్వు లోపటికి పో. ఈ సంతకాలు గింతకాలు మనకెందుకు?" వీరేందర్ లేచాడు.

"నువ్వు కూసో వీరేందరూ." ఆమె గొంతు పెంచలేదు. "పిల్లను సదివియ్యనీకె పరువు అడ్డం రాలే, పైసలడ్డమొచ్చినయి నీకు. ఇచ్చేటోళ్లు ఇస్తమంటె పరువడ్డమొచ్చింది. రెండిట్ల ఒకటి జెప్పు."

ఆయన మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి ఫోను తీయలేదు.

ముసలావిడ తృప్తి ముందుకొచ్చి నిలబడింది. "రాసుకో బిడ్డా. ముత్తమ్మే రోజారాణి, రోజారాణే ముత్తమ్మ. ఈ పిల్లను కన్నది గీమెనే. మేడ్చల్ దవాఖానల కాన్పు గదిల పొద్దుమూకేదాక అరిసింది. బయట నేనే ఉన్న. పిల్లను తువ్వాలల సుట్టి తెచ్చి మొదలు నా సేతులల్లనే వెట్టిన్రు. గంతకంటె రుజువేం గావాలె నీకు?"

"ఇంకేం అక్కర్లేదమ్మా," అన్నది తృప్తి. ఆ అమ్మాయి కళ్లు తడిశాయి. చెప్పినదంతా రాసి, చదివి వినిపించింది. ముసలావిడ వేలిముద్ర వేసింది. తర్వాత ఏమనుకున్నాడో, అడక్కుండానే వీరేందర్ పెన్ను తీసుకుని కింద సాక్షి సంతకం పెట్టాడు.

"ఈ సాయంత్రమే కమిటీకి పంపిస్తాను. ఇక అడ్డేమీ లేదు. అశ్రితా, కాలేజీలో చేరిపో," అని చెప్పి తృప్తి వెళ్లిపోయింది. అప్పుడు ఏడ్చింది అశ్రిత. అంతసేపూ ఆపుకున్నదంతా ఒక్కసారిగా ఏడ్చింది. అవ్వ మనవరాలి తల మీద చేయి వేసి, "సదువుకుంటవో ఏడుసుకుంట కూసుంటవో," అన్నది.

రోజారాణి అత్తగారి పాదాలకు దండం పెట్టింది. ఆ ఇంట్లో కోడలు అత్తతో మనసు విప్పి మాట్లాడిన అలవాటు లేదు. కళ్లు తుడుచుకుని, కూతురి చెయ్యి పట్టుకుని గేటు వైపు నడిచింది. మధ్యాహ్నం డ్యూటీకైనా అందుకోవాలి.

"ముత్తమ్మా..."

వెనక నుంచి పిలుపు వినిపించింది. ఆమె ఆగలేదు. అత్తగారిని ఎవరో పిలుస్తున్నారనుకుంది. ఆ ఇంట్లో ఆ పిలుపు ఎన్నడూ తనది కాదు.

"ముత్తమ్మా, తినిపో."

అశ్రిత తల్లి కొంగు పట్టుకుని ఆపింది. "అమ్మా, అవ్వ పిలుస్తాంది. నిన్నే."

ముత్తమ్మ వెనక్కి తిరిగింది.