సీలు దారం

ప్యాక్‌హౌస్‌లో పళ్లు చల్లబరిచే ప్రీ-కూలింగ్ రూమ్ తలుపు తెరిచేసరికి ప్రశాంత్ ద్రాక్ష క్రేట్ల మధ్య కూర్చున్నట్టే ఉన్నాడు. కనురెప్పల మీద మంచు. గడియ బయటి నుంచి పెట్టి ఉంది. పిడికిలి విప్పితే జానెడు తెల్ల దారం.

"నీకు పంపిన ఆ దారం ఇక నీ కేసు, ప్రణాలీ. ప్రశాంత్ ఏదో సీలు సంచి నుంచి తెంపుకున్నదే," ఫోన్‌లో నిఘా విభాగం చీఫ్ నిలేష్ గొంతు. "ప్రశాంత్ పైకి ద్రాక్షతోటల ఆడిటర్. లోపల మన మనిషి. పోయే ముందు దొంగచాటుగా ఒక గుత్తి పంపాడు. అందులో నిషేధించిన పురుగుమందు, లిమిట్‌కు పదిహేను రెట్లు. కడిగినా పోదు. కానీ అదే లాట్ నుంచి సీలు వేసి తీసిన శాంపిల్ ల్యాబ్‌లో క్లీన్ అని వచ్చింది."

"సంచిలో పళ్లు మార్చారా?"

"లక్క చెదరలేదు. దారం తెగినట్టు లేదు. ఎలా మార్చారో రుజువు చేస్తేనే కోర్టు నమ్ముతుంది. రేపు పదకొండింటికి ముఠా కంటైనర్ రాటర్‌డామ్‌కు కదులుతుంది. అదే టైముకు సోలాపూర్ జోడ్‌భావి పేట్ బాల్వాడీలో ఆ పళ్లే పంచుతారు. తమ పళ్లు కూలీల పిల్లలే తింటున్నారని కొనేవాళ్లకు వీడియో చూపించాలట. అరవైమంది పిల్లలు. రుజువు లేనిదే రెండూ ఆపలేం. సర్టిఫికేషన్ ఆఫీసర్ దీపాలి మనకు సాయం చేస్తోంది. కలువు. దారం సంగతి నేను ఆమెకు చెప్పలేదు, నువ్వూ చెప్పకు."

ప్రణాలి ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టింది. మూడు వారాలుగా ఆమె వేషం అదే. ముసలి చంద్రభాగ ఇంట్లో అద్దెకున్న బీడీలు చుట్టే మనిషి. గడప దగ్గర చంద్రభాగ మనవరాలు, మూడేళ్ల సాక్షి, ఆకు ముక్కలతో ఆడుకుంటోంది. రేపు ఆ అరవైమందిలో ఇదీ ఒకతి. పుణేలో వదిలి వచ్చిన తన కూతురిదీ అదే ఈడు.

ఆ సాయంత్రం కుంఠా నాకా కూడలి. మగ్గాల చప్పుడులో పక్కమనిషి మాట వినపడదు. నల్లద్దాలు, పట్టుచీర, చుట్టూ సెంటు వాసన. దీపాలి కారు దిగింది.

"సోలాపూర్ దుప్పటి ఎన్ని ఉతుకులకు వెలుస్తుంది?" ప్రణాలి అడిగింది.

"వెలవదు. చిరుగుతుంది."

కోడ్ కుదిరింది. దీపాలి నవ్వింది. "ఆ దారం నాకివ్వు. నీ దగ్గరుంటే ప్రమాదం."

ప్రణాలి ఒక అడుగు వెనక్కి వేసింది. దారం సంగతి నిలేష్ చెప్పలేదు, తనూ చెప్పలేదు.

"ఆఫీసుకు పంపేశాను," అని అబద్ధం చెప్పి వెనుదిరిగింది.

తెల్లారి ప్రణాలి చూపించిన దారం మీద చంద్రభాగ బొటనవేలి గోరు జరిపింది. కంటికి ఏమీ కనబడదు. గోరు మాత్రం ఒకచోట ఆగింది.

"నడుమ ముడి ఉన్నది బిడ్డా. నేతోళ్ల ముడి. గింత సన్నగ దాజీ పేట్‌ల మా నర్సప్ప అన్న ఒక్కడే ఏస్తడు."

నర్సప్ప మగ్గం ఆపకుండానే చెప్పాడు. "ఒక నల్లద్దాల మేడం సీలు సంచులు తెచ్చింది. దారం తెగింది, కనవడకుంట అతుకు అన్నది. అతికిన. మూడు సంచులు."

"సంచుల్లో ఏముందని అడగలేదా తాతా?"

"పోగు తెగిందంటే నా చెయ్యి ఊకుంటదా? ముడేసి గంజి గూడ రాసిన. ఆమె చెప్పలే. రాయకుంటే నూగు లేస్తది గద!"

గంజి! సీలు వేసే దారానికి గంజి ఉండనే ఉండదు. ప్రణాలి కిట్‌లోంచి వేలెడు సీసా తీసి, జానెడు దారం మీద ఒక్క చుక్క అయోడిన్ వేసింది. ముడి చుట్టూ నలుపు తిరిగిన నీలం.

గడియారం చూసింది. పది నలభై. నిలేష్‌కు మెసేజ్ పెట్టి పరుగెత్తింది.

బాల్వాడీ గేటు దగ్గర గార్డు అడ్డుపడ్డాడు. "బాయీ, థాంబా!" మోచేత్తో తోసి లోపలికి దూకింది. పిల్లలు వరసగా కూర్చున్నారు. ముందర కొనేవాళ్ల తరఫు తెల్లదొర కెమెరా. మొదటి పండు సాక్షి మునిపళ్ల మధ్య ఉంది. ప్రణాలి పిల్ల నోట్లో వేలు పెట్టి దాన్ని లాగేసింది. పిల్ల కసుక్కున కొరికింది. వేలి రక్తం, ద్రాక్ష రెండూ నేలమీద పడ్డాయి.

"ఎవరీ పిచ్చిది? బయటికి లాగండి!" దీపాలి అరిచింది.

సాక్షిని తీసుకొచ్చి వరస చివర నిలబడ్డ చంద్రభాగ కొంగు బిగించింది. "అయితే మొదలు నువ్వొకటి తిను మేడం."

"నాకు ద్రాక్ష పడదు."

"అరే వా! మా పోరికి పడ్తదా?"

ఈలోగా ప్రణాలి బల్ల దగ్గరికి చేరింది. అక్కడ ల్యాబ్‌కు వెళ్లినదానికి జోడీగా ఆ లాట్ నుంచే తీసిన శాంపిల్ సంచి, సీలుతో సహా, ప్రదర్శనకు పెట్టి ఉంది. దారం మీద అయోడిన్ చుక్క పడింది. అందరూ చూస్తుండగా తెల్ల దారం నడుమ నీలం మచ్చ పూసింది.

దీపాలి చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. మెసేజ్ అంది అప్పటికే చేరుకున్న నిలేష్ మనుషులు ఆ చేతిని అక్కడే పట్టుకున్నారు. గోడ గడియారం పదకొండు కొట్టింది. ప్యాక్‌హౌస్ గేటు దాటబోయిన కంటైనర్‌ను కూడా ఆపేశారని ఫోన్ వచ్చింది. ప్రశాంత్ శవం మాత్రం ఆ సాయంత్రం ఊరికి బయల్దేరింది.

సాక్ష్యానికి నర్సప్పను తీసుకెళ్తుంటే ముసలాయన ఆగి అడిగాడు. "బిడ్డా, నా ముడి ఊడిందా?"

"ఊడలేదు తాతా. గంజి పట్టిచ్చింది."

నర్సప్ప కానిస్టేబుల్ వెంట నడుస్తూ గొణిగాడు.

"పని శుద్ధంగ చేసుడు గూడ తప్పేనాయె."