నాలుగో నంబరు ట్యాంకు

"నాలుగింటికి ఆ డబ్బా గేటు దాటకూడదు," అన్నాడు కల్నల్ ష్టెప్నిచ్కా. "దాటితే పదకొండేళ్ల పరిశోధన విదేశీ ముఠా పాలవుతుంది. ఈ పిల్ల ప్రాణం కూడా."

ఏజెంట్ ఓటాకర్ ఫోటో చూశాడు. డొరొటా, పంతొమ్మిదేళ్లు. కండరాలు వాచి కరిగిపోయే జబ్బు. ఆమె రక్తకణాలనే మార్చి, మందుగా తిరిగి ఎక్కించడానికి బ్ర్నో నగరపు ల్యాబ్‌లో ఆ డబ్బాలోనే గడ్డకట్టించి ఉంచారు.

"లోపల మన సిల్వీ ఉందిగా సర్?"

"ఉంది. తమ మనిషని ముఠా నమ్మకం. మూడు రోజులుగా మనకు కబురు లేదు."

మూడున్నరకు ఓటాకర్ గ్యాస్ కంపెనీ మెకానిక్ వేషంలో ల్యాబ్‌లోకి వెళ్లాడు. జేబులో మైక్ ఉన్న పెన్ను. కణాలను గడ్డకట్టించి ఉంచే నాలుగో ట్యాంకు మూత తెరిచి ఉంది. పక్కన ట్రాలీ మీద డబ్బా. దాని ముందు ఎర్రకోటులో సిల్వీ, ఎప్పట్లాగే సినిమా తారలా.

"ఇవాళ మంచు పడుతుందంటావా?" అన్నాడు.

గుర్తుమాటకు జవాబుగా ఆమె "వానే" అనాలి. అనలేదు.

పిస్టల్ తీశాడు. "చేతులెత్తు!"

ఆమె కదల్లేదు.

"కాల్చేస్తా సిల్వీ! ఎత్తు!"

"ఎత్తలేనురా ఓటా." ఆమె కళ్లలో నీళ్లు. "నెలైంది, తల కూడా దువ్వుకోలేకపోతున్నా. ఆ పిల్ల జబ్బే నాకూ. ఈ మందు ట్రయల్‌లో నాకు చోటు లేదన్నారు. ఈ డబ్బా ఇస్తే నాకూ మందు చేయిస్తామన్నారు వాళ్లు."

"ఇచ్చావా మరి?"

"పొద్దున ఆ పిల్ల నన్ను నర్సనుకుని, 'నావి జాగ్రత్తక్కా' అంది. ముఠావాడు డబ్బా బయటపెట్టి, వ్యాన్ తేవడానికెళ్లాడు. తిరిగి ట్యాంకులో పెడదామంటే చేతులు లేవట్లేదురా! వెనక గేటు, బూడిద రంగు వ్యాన్. త్వరగా!"

మైక్‌లో ఆ మాట కల్నల్‌కు చేరింది. డబ్బా మీద అంకె మైనస్ నూట ముప్ఫై ఒకటి. ఇంకో డిగ్రీ పెరిగితే కణాలు చచ్చిపోతాయి. ఓటాకర్ డబ్బా ఎత్తి లోపలికి దింపి మూత బిగించాడు. గేటు దగ్గర టైర్లు కీచుమన్నాయి. ముఠా దొరికింది.

డొరొటా వసంతానికల్లా ఎవరి ఆసరా లేకుండా ట్రామ్ ఎక్కింది. సిల్వీకి జైలు ఆసుపత్రిలో జబ్బు ఛాతీకి పాకింది. ఓటాకర్ ఆదివారాలు వెళ్లి తల దువ్వేవాడు. పాపిడి వంకరని తిట్టేది. ఫిబ్రవరిలో ఓ ఆదివారం వెళ్లేసరికి మంచం ఖాళీగా ఉంది.

ఫైలు మూసేముందు కల్నల్ అడిగాడు: "'అరెస్టుకు ఎదురు తిరిగిందా' అన్న గడి ఖాళీ వదిలావేం?"

"లేదని రాసుకోండి సర్. అంత ఓపికే ఉంటే డబ్బా తనే లోపల పెట్టేది, పతకం నాకు దక్కేది కాదు."