మూడో నీడ

బొటనవేలంత మనుషుల బొమ్మలు చేసి, ఫొటోలు తీసి అమ్మడం నా పని. లైట్లు కొనే స్తోమత లేక రెండు టార్చిలకు చాక్లెట్ కాగితాలు చుట్టుకున్నాను, ఒకదానికి ఎరుపు, ఒకదానికి నీలం. రెండు లైట్లు కాబట్టి ప్రతి బొమ్మకీ రెండు నీడలు పడతాయి.

ఆ మధ్యాహ్నం కిటికీకి దుప్పటి కట్టి గది చీకటి చేశాను. మూల పరుపు మీద మా మూడేళ్ల పాప నిద్రపోతోంది. హాల్లో మా మరిది టీవీ చూస్తున్నాడు. గదంతా జిగురు వాసన. నేలమీద చెక్క పెట్టి, దానిమీద చిన్న రాళ్లబాట, బాట మీద గొడుగు ముసలాయన. ఒక్కో ఫొటోకి ముప్పై సెకన్లు కదలకుండా కూర్చోవాలి. అయిదు తీశాను.

చూస్తే, అన్నిట్లోనూ ముసలాయనకి మూడు నీడలు.

మూడో లైటు లేనిదే మూడో నీడ రాదు. మా మరిది సంగతి నాకు తెలియనిదా? పోయిన నెలే ఈ ముసలాయన్ని నా టీకప్పులో ముంచాడు.

"నా వెనక ఫోన్ లైటు వేశావు కదూ?" హాల్లోకి వెళ్లి నిలదీశాను.

"నేనసలు ఇక్కణ్ణుంచి లేవలేదు వదినా. నీ బొమ్మల జోలికి నేనెందుకొస్తాను?"

"బొమ్మల మాట నేనెత్తానా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది."

వాడు మొహం ముడుచుకుని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. పీడ వదిలిందనుకుని వీధి తలుపు గడియ పెట్టి వచ్చాను. ఆరో ఫొటో తీశాను.

మూడో నీడ ఉంది.

లైటు ఎక్కడుందో కనుక్కోవడానికి నాకో పద్ధతి ఉంది. నీడ ఏ రాయి దగ్గర ఆగిందో చూసి, అక్కడ గుండుసూది గుచ్చి, బొమ్మ తలమీదుగా దారం లాగితే అది తిన్నగా లైటు వైపే పోతుంది. మొదటి ఫొటో నీడకి లాగాను. పరుపు పైన, ఇంటికప్పు మూలకి పోయింది. మూడోదానికి గోడ మధ్యకి. ఫొటో ఫొటోకీ నీడ సాగుతోంది... అంటే లైటు దిగుతోంది.

ఆరో నీడ అన్నిటికన్నా పొడుగ్గా ఉంది. దారం నేలకి జానెడెత్తున సాగి... పాప దిండు దగ్గరికి పోయింది.

భయమేసింది. మరిదిని పంపించేసినందుకు నామీద నాకే కోపం వచ్చింది.

"అమ్మా..." పాప కళ్లు తెరవకుండానే గొణిగింది. "పొమ్మనకు."

"ఎవర్నమ్మా? బాబాయినా?"

"బాబాయి కాదు..."

టార్చిలు ఆర్పేశాను. దుప్పటి లాగి పారేశాను. గదినిండా ఎండ. పాపని ఎత్తి గుండెలకి హత్తుకున్నాను. ఒళ్లు వెచ్చగానే ఉంది, ఊపిరి ఆడుతోంది. ఏమీ కాలేదు, ఏమీ కాలేదు అనుకుంటూ గోడవైపు తిరిగాను.

ఆ గదికి కిటికీ ఒక్కటే. గోడమీద నా నీడ ఒక్కటే పడింది.

నా చేతుల్లో ఉన్న పాపకి రెండు.